ఏ పద్దు కింద

తార్తులో ఫిబ్రవరి.
నది మీది మంచు ఇంకా మనిషి బరువు మోస్తోంది.
మూడో అంతస్తులో, వెచ్చదనం సగమే అందే గదిలో
ఉర్వె రసీదులు ముందేసుకుని కూచున్నాను.

మా గ్రాంటుకి నాలుగు పద్దులు:
జీతాలు, పరికరాలు, ప్రయాణాలు, ఇతరాలు.
ఉర్వె చేసే పని ఈ నాలుగింటిలో దేనిలోనూ ఇమడదు.
ఒప్పందంలో "సమన్వయం" అని ఉంది.
ఆడిటరు ఆ మాట మీద పెన్సిలు ఆనించి
చాలాసేపు తియ్యలేదు.
"ఇంతకీ ఆవిడ తయారుచేసేదేమిటి?"

తయారయ్యేది ఒక పంపు,
నెలలు నిండని పిల్లల కోసం, అరచేతిలో పట్టేంత.
గంటకి అర మిల్లీలీటరు మందు.
చుక్క ఎక్కువైనా గండం, తక్కువైనా గండం.
మోటారు బ్ర్నోలో. గొట్టం, కవాటం ఇక్కడ.
అలారం రాసేది పోర్టోలో ఒక కుర్రాడు,
అర్ధరాత్రి దాటితే గాని పలకడు.
వాడి చూడాల్సింది ఎన్‌డోలాలో,
కరెంటు వచ్చిపోయే వార్డులో.
చలికాలంలో ఎన్‌డోలాకీ మాకూ గడియారం ఒకటే,
మిగతా ఏదీ ఒకటి కాదు.
ఉత్తరాల్లో నలుగురూ "సరే" అంటారు.
నాలుగు సరేలు, నాలుగు అర్థాలు.

మొదటి రసీదు: ఫోను, ఎన్‌డోలా, నలభై ఏడు నిమిషాలు.
ఏం మాట్లాడారని అడిగాను.
"నర్సు ముతింత చేతులు ఎంతుంటాయో కనుక్కున్నాను."
"నలభై ఏడు నిమిషాలా?"
"ముందు ఆ రాత్రి వార్డులో ఏమైందో చెప్పనివ్వాలి కదా.
చేతుల సంగతి చివర్న వచ్చింది.
తొడుగులు వేసుకుంటే మన మీట నొక్కుడుపడదట."

రెండోది: బ్ర్నోకి రానూ పోనూ టికెట్టు.
ఆరు నెలలుగా గొట్టం మోటారులోకి దిగడం లేదు.
రెండు డ్రాయింగుల్లోనూ తప్పు లేదు.
వీళ్ళు లోపలి కొలత రాశారు,
వాళ్ళు బయటి కొలతగా చదివారు.
ఉర్వె గొట్టాన్ని ఉన్ని తొడుగులో పెట్టుకుని వెళ్ళింది.
ఏమీ అనలేదట.
జ్దిస్లావ్ బల్ల మీద మోటారు పక్కన దాన్ని పెట్టి
టీ దొరుకుతుందా అని అడిగిందట.
టీ వచ్చేలోగా ఆయన చెవులు ఎర్రబడ్డాయట,
లేచి లేతు యంత్రం దగ్గరికి పోయాడట.
ఆ ఎర్రదనాన్ని నేను ప్రయాణాల్లో రాశాను.

మూడోది: దాల్చినచెక్క రొట్టెలు, పన్నెండు.
పేటెంటు మీద ఎవరి పేరు ముందని
మాటలు మానేసిన ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య
ఒక పళ్ళెం.
నిబంధన ఒప్పుకోదు. కొట్టేశాను.
సాయంత్రం ఆ డబ్బు నా జేబులోంచి ఆమె సొరుగులో పెట్టాను.
ఈ సంగతి ఎక్కడా రాయలేదు.

వచ్చే మూడేళ్ళ మంజూరు ఏప్రిల్లో వచ్చింది.
పరికరాలకి పెంచారు.
సమన్వయానికి సగం చాలన్నారు.
ఉర్వె కాగితం రెండుసార్లు చదివింది.
"సగమంటే ఏ సగం?
ఎన్‌డోలా సగమా, బ్ర్నో సగమా?"
ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది.
నా దగ్గర జవాబు లేదు, కూడిక మాత్రం సరిపోయింది.

ఇప్పుడామె మంగళ, గురువారాలే వస్తుంది.

నవంబరు, సోమవారం, చీకటి పడే వేళ
ఆమె బల్ల మీద ఫోను మోగింది.
మోగి ఆగింది. మళ్ళీ మోగింది.
ఎత్తాను.
అటువైపు ముతింత గొంతు, వెనక ఏదో అలారం,
దాని వెనక జనరేటరు.
కవాటం అంటే నాకు చిత్రంలో చూపించడం కూడా రాదు.
నేను లెక్కలవాణ్ణి అని చెప్పబోయి
కుర్చీ లాక్కున్నాను.
"ముందు ఈ రాత్రి వార్డులో ఏమైందో చెప్పండి."

ముప్పై రెండు నిమిషాలు.
కాగితం నిండా గీతలు, బాణాలు,
మూలన రాసుకున్న ఒక పసిపిల్ల బరువు.
తొమ్మిదివందల ఎనభై గ్రాములు.

నెలాఖరుకి రసీదు వచ్చింది.
ఈసారి కూడా
ఇతరాలు.